గండికోటకు 34 మంది వచ్చారు, హెల్త్ టాక్‌కు 7 మంది. ఏం చేస్తే బాగుంటుంది?

పాతబస్టాండ్ అక్క (కడప)
శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది కడపలో ఒక కాలనీ మహిళా క్లబ్. పదకొండేళ్లుగా నడుస్తోంది, ఇప్పుడు 52 మంది ఉన్నాం. టీచర్లు, బ్యాంకులో చేసేవాళ్లు, మిషను కుట్టుకునేవాళ్లు, ఇల్లు చూసుకునేవాళ్లు, అందరూ ఉన్నారు. రెండేళ్లుగా కార్యదర్శి పని నాకు అప్పగించారు.

ఒక నెల ఎక్కడికైనా పోయి చూసి రావడం, ఒక నెల ఆరోగ్యం మీద ఎవరితోనైనా మాట్లాడించడం మా పద్ధతి. జనవరిలో గండికోట పోయాం. 34 మంది. బస్సులో సీట్లు చాలక ఇద్దరు మధ్యలో స్టూళ్లు వేసుకున్నారు. పెన్నా లోయ అంచున నిలబడి చూశాం. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ తిరిగాం. రంగనాథస్వామి గుడి దగ్గర సద్ది విప్పుకుని తిని, చీకటి పడ్డాక ఇల్లు చేరాం. వారం రోజులు గ్రూపు నిండా ఫొటోలే.

ఫిబ్రవరిలో ఒక డాక్టరుగారిని బతిమాలి పిలుచుకొచ్చాను. నలభై దాటిన ఆడవాళ్ల ఆరోగ్యం గురించి మాట్లాడమన్నాం. కమ్యూనిటీ హాలు తీసుకుని 50 కుర్చీలు వేయించాం. వచ్చింది ఏడుగురు. అందులో నేనొకదాన్ని, కుర్చీలు తుడిచిన ఆమె ఒకరు. ఆయన మంచివారు, ఒక్క మాట అనకుండా గంటసేపు చెప్పి వెళ్లారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకంటే మా సభ్యురాలు ఒకామెకు పోయిన నవంబరులో రొమ్ములో గడ్డ ఉందని తేలింది. బాగా ముదిరాక తేలింది. "ఏడాదిగా చేతికి తగులుతానే ఉంది అక్కా, ఎవరికి చెప్పాలో తెలియలేదు" అనింది. ఆ ఏడాదంతా మేం నెలనెలా కలిశాం. నా పక్కన కూర్చుని అన్నం తినింది. ఆ మాట నన్ను వదలడం లేదు. అందుకని ఈ టాకులు ఆపే ఆలోచనే లేదు. జనం ఎలా వస్తారో చెప్పండి. మీ ఊళ్లలో ఏం చేస్తున్నారు?

*

చెనక్కాయ చేను (అనంతపురం)
శనివారం రాత్రి 9:52

అక్కా, ముందు ఆ పేరు మార్చండి. "హెల్త్ టాక్‌కు పోతున్నా" అని నేనొకసారి ఇంట్లో చెబితే, మా అత్త "నీకేం రోగమొచ్చింది?" అనింది. పక్కింట్లో కూడా అదే అడిగారు. ఏదో ఉంది కాబట్టే పోతోంది అనుకుంటారు. లేపాక్షికి పోతున్నా అంటే ఎవరూ ఏమీ అడగరు, చక్కెర పొంగలి పెట్టించుకుని రమ్మంటారు.

మా బ్యాచ్ పోయిన ఏడాది లేపాక్షికి పోయింది. వేలాడే స్తంభం కింద అందరూ పైట చెంగు దూర్చి చూశారు, అది మామూలే. నాకు నచ్చింది మాత్రం వేరే. ధర్మవరం మగ్గం వాళ్లింటి ఆడపడుచు ఒకామె మాతో వచ్చింది. మండపం కప్పు మీద బొమ్మల్లో ఆడవాళ్లు కట్టుకున్న చీరల అంచులు చూపిస్తా, "ఈ అంచు మేం నేస్తాం, ఆ పువ్వు మా నాయన వేసేవాడు" అని చెబుతూ పోయింది. లతా మండపంలో ఒక్కో స్తంభానికి ఒక్కో డిజైను. ఆమె ఫోనులో అన్నీ ఫొటోలు తీసుకుంది, మగ్గం మీదికి ఎక్కిస్తానని. ఐదొందల ఏళ్ల కిందటి గోడ నుంచి చీర మీదికి పోవడం కళ్లముందు చూసినట్టయింది. గైడు చెప్పేదానికంటే మన మధ్య ఉన్న మనిషి చెబితే చెవికెక్కుతుంది. డాక్టరు సంగతీ అంతేనేమో.

*

బురుజు వీధి (కర్నూలు)
శనివారం రాత్రి 10:15

టైము ఎన్నింటికి పెట్టారు? సాయంత్రం ఆరు అయితే ఎవరూ రారు. కొళాయి నీళ్లు, పిల్లల చదువు, రాత్రి వంట అన్నీ అప్పుడే. మేం మధ్యాహ్నం 3 నుంచి 4:15 లోపు ముగిస్తాం. భోజనాలై, గిన్నెలు తోమేసి, పిల్లలు బడి నుంచి రాకముందు. ఆ గంట ఒక్కటే ఆడవాళ్ల చేతిలో ఉండే గంట.

*

పాతబస్టాండ్ అక్క (కడప)
శనివారం రాత్రి 10:21

సరిగ్గా ఆరింటికే పెట్టాను చెల్లీ. డాక్టరుగారికి అప్పుడే వీలన్నారు.

*

గాలిపటం (కడప)
ఆదివారం ఉదయం 7:40

నేను చిన్నదాన్ని, 27 ఏళ్లు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తప్పుగా అనుకోకండి, ఒక మాట చెబుతా. ట్రిప్పును ట్రిప్పులాగే ఉండనివ్వండి. మా అమ్మ నెల మొత్తంలో తనకోసం ఇల్లు దాటేది ఆ ఒక్క రోజే. బస్సులో పాటలు పాడుకుంటుంది, కిటికీ పక్కన కూర్చుని జామకాయలు తింటుంది. ఆ రోజు కూడా షుగరు, బీపీ, కేన్సరు అని మొదలుపెడితే ఆ కాస్త సంతోషమూ పోతుంది. నవ్వుకోవడం కూడా ఆరోగ్యమే కదా. జనం టాకుకు రాలేదని ట్రిప్పులో టాకు కలిపేద్దాం అని ఎవరైనా అంటారేమోనని ముందే చెబుతున్నా.

*

తుంగభద్ర డాక్టరమ్మ (కర్నూలు)
ఆదివారం ఉదయం 8:30

నేను స్త్రీవైద్యురాలిని, ఇలాంటి సభల్లో చాలాసార్లు మాట్లాడాను. తప్పు చాలావరకు మా వైపే ఉంటుంది. ఇంగ్లీషు స్లైడ్లు తెస్తాం. కడుపు బొమ్మ వేసి భాగాల పేర్లు చెబుతాం. చివర "ఏవైనా ప్రశ్నలున్నాయా?" అని మైకులో అడుగుతాం. యాభై మంది ముందు, అందులో సగం మంది పక్కింటివాళ్లయితే, తెల్లబట్ట గురించి ఎవరడుగుతారు? ఎవరూ అడగరు. "అందరికీ అర్థమైంది" అనుకుని శాలువా కప్పించుకుని వచ్చేస్తాం.

కొన్నేళ్ల కిందట ఒకచోట మైకు పనిచేయలేదు. పదిహేను మందిమి చాప మీద కూర్చున్నాం. ఒక పాత స్వీటు డబ్బాకు చిల్లు పెట్టి, పేరు రాయకుండా చీటీలు వేయమన్నాను. రాయడం రాని వాళ్లకు ఒక పదో తరగతి అమ్మాయి పక్కగదిలో కూర్చుని రాసిపెట్టింది. 41 చీటీలు వచ్చాయి. ఆ రోజు నేను తెచ్చుకున్న ఉపన్యాసం సంచిలోనే ఉండిపోయింది. చీటీలకు జవాబు చెప్పేసరికే రెండు గంటలు పట్టింది. ఆ పద్ధతి ఇప్పటికీ వదల్లేదు.

గాలిపటం చెప్పింది నిజం. విహారం రోజు భయపెట్టే మాటలు వద్దు.

*

బాదంచెట్టు నీడ (కడప)
ఆదివారం మధ్యాహ్నం 2:05

ఈ చర్చ మా అక్క పంపింది. మేం ముస్లింలం, మాదీ కడపే. ఒక క్లబ్బులో రెండేళ్లున్నా, తర్వాత మానేశాను. కోపం ఏమీ లేదు. ఆ రెండేళ్లలో పోయిన ఎనిమిది చోట్లా గుళ్లే. నేను గుడికి పోకూడదని కాదు. ఉగాది రోజు దేవుని కడప గుడికి మా వాళ్లు ఎంతమంది పోతారో కడపలో అందరికీ తెలుసు, మా నాన్నమ్మ, వేంకటేశ్వరస్వామి భార్యగా చెప్పుకునే మా ముస్లిం ఆడపడుచు బీబీ నాంచారమ్మ కథ చెబుతూ మమ్మల్ని తీసుకుపోయేది. పెద్ద దర్గా ఉరుసుకు మీరూ వస్తారు. కానీ ప్రతిసారీ "ఈమె లోపలికి వస్తుందో రాదో" అని ఎవరో ఒకరు నా ముఖం చూస్తారు. ఆ చూపుకే మనసు నొచ్చుకుంటుంది.

గండికోట అంటే నాకు ప్రాణం. గుడీ, మసీదూ ఒకే కోట లోపల ఉన్నాయి. అలాంటివి ఇంకా ఉన్నాయి కదా. బ్రౌన్ లైబ్రరీ మన ఊళ్లోనే ఉంది, మా క్లబ్బులో నలభై మందిలో ముప్పై మంది లోపలికి పోనే లేదు. 1820లో కడపకు వచ్చిన తెల్లదొర సి.పి. బ్రౌన్ బంగళా కొని, పండితులను పెట్టి తెలుగు తాళపత్రాలు వెదికించి శుద్ధప్రతులు రాయించాడంటే, అది జరిగింది మన ఎర్రముక్కపల్లెలో. పడిపోయిన ఆ బంగళా చోట గ్రంథాలయం కట్టించడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఎంత తిరిగారో మా స్కూల్లో తెలుగు సార్ చెబుతుంటే విన్నాను.

ఇంకో మాట. మా ఇళ్లల్లో టాకుకు మగ డాక్టరంటే పంపరు. దాన్ని పట్టించుకోండి.

*

పాతబస్టాండ్ అక్క (కడప)
ఆదివారం మధ్యాహ్నం 2:50

చెల్లెమ్మా, మీ పోస్టు మూడుసార్లు చదివాను. మా క్లబ్బులో ఆరుగురు ముస్లిం అక్కలున్నారు. నలుగురు విహారాలకు రావడం మానేశారు. "ఇంట్లో పని" అంటే నిజమనుకున్నాను. రేపే వెళ్లి అడుగుతా.

*

సుద్దముక్క (కడప)
ఆదివారం రాత్రి 11:20

నాకు 68 ఏళ్లు. ప్రభుత్వ బడిలో 34 ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. పేరు లేకుండా రాయొచ్చు కాబట్టి రాస్తున్నాను. నేను ఏ క్లబ్బుతోనూ ఎక్కడికీ పోను. ఎందుకు రావు టీచరమ్మా అంటే మోకాళ్లు నొప్పి అంటాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి.

దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా చీర తడుస్తుంది. రెండో కాన్పు తర్వాత మొదలైంది, యాభై దాటాక ఎక్కువైంది. బస్సు గుంతలో పడినా అంతే. పదేళ్ల కిందట మా స్టాఫుతో బేలం గుహలకు పోయాను. అక్కడ బాత్రూం ఎక్కడుందో, ఎంతసేపటికి బయటికి వస్తామో తెలియదని ముందురోజు సాయంత్రం నుంచీ నీళ్లు తాగలేదు. పొద్దున వేసుకోవాల్సిన బీపీ మాత్ర కూడా మానేశాను, అది వేసుకుంటే ఒంటికి ఎక్కువసార్లు పోవాలి. మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న గుహ అది, మనల్ని పోనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు వరకే అయినా లోపల ఉక్కపోత. పాతాళగంగ మెట్ల దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాను. అందరూ గాలి ఆడక అనుకున్నారు. నేనూ అదే అన్నాను.

నా జీవితమంతా పిల్లలకు గండికోట, సిద్ధవటం, లేపాక్షి అని మ్యాపులో చూపించాను. రిటైరయ్యాక అన్నీ తిరిగి చూడాలని ఉండేది. ఎనిమిదేళ్లయింది. ఇంట్లోనే ఉన్నాను.

*

బురుజు వీధి (కర్నూలు)
ఆదివారం రాత్రి 11:41

టీచరమ్మా, నాకు 44. నాకూ అంతే. ఇంతవరకు మా ఆయనకు కూడా చెప్పలేదు.

*

చెనక్కాయ చేను (అనంతపురం)
సోమవారం ఉదయం 5:50

లేపాక్షి ట్రిప్పుకు మా వాళ్లలో పదిమంది నీళ్లు తాగకుండా వచ్చారు. నేనూ తాగలేదు. మా ఊర్లో ఆడవాళ్లకు ప్రయాణమంటే నీళ్లు మానేయడమే అలవాటు. మా అవ్వ తిరుపతికి పోయేటప్పుడూ అంతే, మా అమ్మా అంతే. ఇది ఒక జబ్బు అని గానీ, జబ్బు తెస్తుందని గానీ ఎప్పుడూ అనుకోలేదు. తిరిగొచ్చిన మూడో రోజు నాకు ఒంటికి పోతే మంట, చలిజ్వరం. ఎండ దెబ్బ అనుకుని నిమ్మకాయ నీళ్లు తాగాను. చివరికి నాలుగు రోజులు సెలైన్ ఎక్కించుకోవలసి వచ్చింది.

*

గాలిపటం (కడప)
సోమవారం ఉదయం 8:15

మా అమ్మను ఇప్పుడే అడిగాను. గండికోట పోయిన రోజు పొద్దున కాఫీ కూడా తాగలేదంట. జామకాయలు దాహానికి తిన్నదంట. నాకు ఏడుపొచ్చింది. అక్కా, నేను నిన్న రాసింది సగమే సరి. ఏదో ఒకటి చేయండి, నేనూ పనిచేస్తా.

*

తుంగభద్ర డాక్టరమ్మ (కర్నూలు)
సోమవారం రాత్రి 9:30

సుద్దముక్క టీచరమ్మ రాసింది చదివాక పొద్దుటి నుంచి ఓపీలో ప్రతి ఒక్కరినీ "ప్రయాణం రోజు నీళ్లు తాగుతారా?" అని అడిగాను. తాగుతామన్నవాళ్లు చాలా తక్కువ. వివరంగా రాస్తాను, కావాలంటే మీ గ్రూపుల్లో పంచుకోండి.

ఆడవాళ్లలో మూత్రనాళం చాలా పొట్టిగా ఉంటుంది, నాలుగు సెంటీమీటర్లు. మగవారిలో దానికి ఐదింతలు. అందుకే బయటి క్రిములు మూత్రాశయంలోకి తొందరగా చేరతాయి. మామూలుగా నీళ్లు తాగి, వెళ్లవలసినప్పుడు వెళుతుంటే అవి ఎప్పటికప్పుడు కొట్టుకుపోతాయి. నీళ్లు మానేసి, గంటల తరబడి ఆపుకుంటే అక్కడే పెరుగుతాయి. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, వాసన, పొత్తికడుపు నొప్పి ఉంటే పరీక్ష చేయించుకోవాలి. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు వస్తే కిడ్నీదాకా పాకిందని అర్థం. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. షుగరు ఉన్నవాళ్లకూ, గర్భిణులకూ ఇది ఇంకా ప్రమాదం. మన రాయలసీమ ఎండల్లో నీళ్లు తాగకపోతే కిడ్నీలో రాళ్లకూ దారి ఇచ్చినట్టే.

బీపీ మాత్ర సంగతి. కొన్ని బీపీ మందులు మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, నీటి మాత్రలు అంటాం. ప్రయాణం ఉందని వాటిని సొంతంగా మానేయకండి. అదే మాత్రను ఆ రోజుకు ఇంటికి వచ్చాక వేసుకోవచ్చా, వేరే మందు ఉందా అని మీ డాక్టరును ఒక్క మాట అడగండి. చాలామందికి సర్దుబాటు చేయడం కష్టం కాదు. ఎవరూ అడగరు, మేమూ అడగం.

ఇక దగ్గితే, నవ్వితే చీర తడవడం. టీచరమ్మా, ఇది వయసుతో వచ్చే శిక్ష కాదు. కాన్పుల్లో కటి కింది కండరాలు సాగిపోతాయి. ముట్లు ఆగిపోయాక ఇంకా వదులవుతాయి. ఏళ్ల తరబడి మలబద్ధకం, దగ్గు, అధిక బరువు ఉన్నా అంతే. ఆ కండరాలకు వ్యాయామం ఉంది. మూత్రాన్ని, గాలిని ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. పది సార్లు. రోజుకు మూడు పూటలు. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. కుదిరాక పది అంకెల దాకా పెంచండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ఈ వ్యాయామం చేయకండి. ఫలితం కనిపించడానికి మూడు నెలలు పడుతుంది, చాలామంది మూడు వారాలకే విసిగి మానేస్తారు. కూర్చుని టీవీ చూస్తూ చేసినా ఎవరికీ తెలియదు. తగ్గకపోతే, లేదా కింద ఏదో జారుతున్నట్టుంటే పరీక్ష చేయించుకోవాలి. ఫిజియోథెరపీ ఉంది, ఆపరేషను ఉంది, అన్నీ ఉన్నాయి.

పాతబస్టాండ్ అక్కకు ఒక సలహా. మీ కార్యక్రమం పేరు "ప్రయాణం రోజు ఏం తాగాలి, ఏం వేసుకోవాలి" అని పెట్టండి. విహారానికి వారం ముందు పెట్టండి. గదిలో ఎంతమంది ఉంటారో చూద్దాం.

*

కొర్రబువ్వ (పులివెందుల)
మంగళవారం ఉదయం 6:30

డాక్టరమ్మా, వేరే సంగతి అడుగుతున్నా, ఏమీ అనుకోవద్దు. నాకు 36. ముట్టు ఎక్కువవుతోంది, తెల్లబట్ట ఉంది. "పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీసేస్తే కేన్సరు భయం కూడా ఉండదు" అన్నారు చూపించుకున్న చోట. మా వదినకు 32కే తీసేశారు, మా చిన్నమ్మకు 35కి. మా వీధిలో నలభై లోపు తీయించుకున్నవాళ్లు తొమ్మిది మంది. ఆరు వేలు అడ్వాన్సు కట్టి వచ్చాం. వచ్చే వారం ఆపరేషను.

*

తుంగభద్ర డాక్టరమ్మ (కర్నూలు)
మంగళవారం ఉదయం 7:05

తల్లీ, ఆగు. ఇంకో డాక్టరుకు చూపించుకోకుండా ఆ ఆపరేషనుకు పోవద్దు. ప్రభుత్వ పెద్దాసుపత్రి గైనిక్ ఓపీ అయినా సరే. నిన్ను పరీక్ష చేయకుండా నీకు ఏది అవసరమో నేను చెప్పకూడదు. కానీ తెల్లబట్ట ఒక్కదానికే గర్భసంచి తీయరు. ముట్టు ఎక్కువైతే ముందు రక్తపరీక్ష, థైరాయిడ్, స్కానింగ్ చూస్తారు. మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. ఆపరేషనుతో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసులోనే ముట్లు ఆగిపోయినట్టవుతుంది, ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బుకు దారి తీస్తుంది. దేశం మొత్తం మీద గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందుంది. ఇది మనం సిగ్గుపడి దాచే విషయం కాదు, గట్టిగా మాట్లాడుకోవాల్సిన విషయం.

గర్భాశయ ముఖద్వారం కేన్సరు భయమైతే దానికి పరీక్ష ఉంది. 30 దాటిన ఆడవాళ్లకు బీపీ, షుగరుతో పాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూసే జాతీయ కార్యక్రమం ఉంది, డబ్బులు కట్టనక్కర్లేదు. మీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో అడుగు. ముట్లు పూర్తిగా ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు, ఇది అందరికీ చెబుతున్నా.

*

కొర్రబువ్వ (పులివెందుల)
మంగళవారం ఉదయం 7:20

సరే అమ్మా. అడ్వాన్సు పోతే పోయింది. గురువారం కడప పెద్దాసుపత్రికి పోతాం.

*

పాతబస్టాండ్ అక్క (కడప)
నాలుగు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 10:00

ఆలస్యమైనందుకు మన్నించండి. చెప్పాల్సింది చాలా ఉంది.

ముందు ఆ నలుగురు అక్కల ఇళ్లకూ పోయాను. బాదంచెట్టు నీడ రాసిందే నిజం. ఇకమీదట చోటు ఎంపిక చేసే కమిటీలో వాళ్లలో ఒకరుంటారు. ఆమె చెప్పిన చోటే పోయాం. పొద్దున బ్రౌన్ లైబ్రరీ, తర్వాత తాళ్లపాక, తిరుగు దారిలో ఒంటిమిట్ట. ఒంటిమిట్టలో గుడి లోపలికి రానివాళ్లు గోపురం ముందు నీడలో కూర్చుంటామంటే, మాలో ఎనిమిది మంది హిందువులూ వాళ్లతోనే కూర్చున్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

పోకముందు నేనూ గాలిపటమూ స్కూటీ మీద దారంతా తిరిగాం. ఇది ఇన్నేళ్లలో ఎప్పుడూ చేయని పని. ఎక్కడ బాత్రూం ఉంది, తలుపుకు గడియ ఉందా, నీళ్లు వస్తాయా, కింద కూర్చునేదా, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు పైన కూర్చునేది ఉందా, అన్నీ రాసుకున్నాం. గంటన్నర దూరానికి మూడు చోట్లు దొరికాయి. డీజిల్ కొట్టించే బంకు ముందే మాట్లాడిపెట్టాం, తాళం తీసి శుభ్రం చేయించారు. బస్సువాడికి ప్రతి 45 నిమిషాలకు ఆపాలని చెప్పాం. వాడు మొదట విసుక్కున్నాడు, తర్వాత తనే "అమ్మా, బంకు వచ్చింది" అని పిలిచాడు. ఒక బకెట్, మగ్గు, సబ్బు, పాత న్యూస్‌పేపర్లు, ప్యాడ్ల కట్ట బస్సులోనే పెట్టాం.

వారం ముందు మధ్యాహ్నం మూడింటికి చాపల మీద సభ. లేడీ డాక్టరు. స్వీటు డబ్బా, చీటీలు. సభకు పేరు తుంగభద్ర డాక్టరమ్మ చెప్పిందే పెట్టాం. 38 మంది వచ్చారు. 57 చీటీలు. ఎక్కువ చీటీలు మూత్రం గురించే. రక్తం తక్కువ గురించి అడిగిన చీటీలు పదకొండు. పన్నెండు గ్రాములకు తక్కువుంటే రక్తహీనత అనీ, దేశంలో సగానికి పైగా ఆడవాళ్లకు ఉందనీ, ఇనుము మాత్ర టీతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదనీ, నిమ్మకాయో ఉసిరికాయో పక్కన ఉంటే పడుతుందనీ చెప్పారు. మాలో ఒకామె ఆరేళ్లుగా టీతోనే వేసుకుంటోంది. మాత్ర వేసుకున్నాక దొడ్డికి నల్లగా పోతోందని భయపడి మానేసినవాళ్లు ఇద్దరు. అది మామూలేనని తెలిసి ఊపిరి పీల్చుకున్నారు. రాగి సంగటిలో కాల్షియం బాగా ఉంటుంది, ఇనుముకు సజ్జ రొట్టె మంచిదంటే, మా ముసలమ్మలు "మేం చెబితే వినలేదు" అన్నారు.

ముట్టు అయిపోయిన కొన్ని రోజులకు అద్దం ముందు నిలబడి రొమ్ములు ఎలా చూసుకోవాలో ఆ లేడీ డాక్టరు దిండు మీద చేత్తో చూపించారు. ఎవరూ తల దించుకోలేదు. గడ్డ బయటపడిన మా సభ్యురాలు, కీమో వల్ల జుట్టు పోయి తలకు స్కార్ఫు కట్టుకున్న ఆమె, లేచి నిలబడి "నాకు తగిలింది ఇలాగే ఉండింది, చింతపిక్కంత, నొప్పి లేదు. నొప్పి లేదని ఊరుకున్నా" అనింది. నేను ఇంతకంటే ఏమీ రాయలేను.

ఇక విహారం. 41 మంది, ఒక బస్సు, ఒక కారు. తాళ్లపాకలో అన్నమయ్య గురించి అందరికీ తెలుసు. ఆయన భార్య తిమ్మక్క గురించి సుద్దముక్క టీచరమ్మ చెప్పారు. అవును, ఆమె వచ్చారు. మైకు లేకుండా, బడిలో చెప్పినట్టే చెప్పారు. సుమారు ఆరువందల ఏళ్ల కిందట ఈ ఊరి కోడలు తిమ్మక్క, సుభద్ర పెళ్లి కథను ద్విపదలో రాసిందనీ, తొలి తెలుగు కవయిత్రి అని ఆమెనే అంటారనీ. అన్నమయ్య పాటలు రేకుల మీద చెక్కించి తిరుమలలో దాచిపెట్టారు. తిమ్మక్క పేరు మనం ఈ ఊరికి వచ్చినా ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. టీచరమ్మ అక్కడ కాసేపు ఆగారు, గొంతు పట్టుకుంది. అందరం ఊరుకున్నాం.

దారిలో అందరూ నీళ్లు తాగారు. 20 లీటర్ల క్యాన్లు మూడు ఖాళీ అయ్యాయి. గండికోట పోయినప్పుడు ఒక క్యాను సగం మిగిలింది.

*

సుద్దముక్క (కడప)
ఆదివారం రాత్రి 11:05

వ్యాయామం మొదలుపెట్టి ఇరవై ఆరు రోజులు. తేడా ఇంకా పెద్దగా లేదు, మూడు నెలలు చేస్తాను. బీపీ మాత్ర ఆ ఒక్క రోజు సాయంత్రానికి మార్చుకోవచ్చని మా డాక్టరు చెప్పారు. ఆయన్ను అడగడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది, ఆయన చెప్పడానికి అర నిమిషం.

ఒంటిమిట్టలో సీతారామలక్ష్మణులు ఒకే రాతిలో ఉంటారని పిల్లలకు చెప్పేదాన్ని. ఇప్పుడు చూశాను.

*

కొర్రబువ్వ (పులివెందుల)
సోమవారం ఉదయం 6:10

నాకు రక్తం 8.2 ఉంది. థైరాయిడ్ కూడా ఉందని తేలింది. మందులిచ్చారు. గర్భసంచి ఉండనిమ్మన్నారు, మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తామన్నారు. అడ్వాన్సులో సగం తిరిగిచ్చారు. మా వీధిలో ఇంకో ఇద్దరిని పిలుచుకుని పోతున్నా.

*

బాదంచెట్టు నీడ (కడప)
సోమవారం ఉదయం 9:30

అక్కా, మీ క్లబ్బులో చేరొచ్చా?

*

పాతబస్టాండ్ అక్క (కడప)
సోమవారం ఉదయం 9:34

ఈ సాయంత్రమే రా చెల్లెమ్మా, అడ్రసు మెసేజి పెడతా. వచ్చే నెల పుష్పగిరి అనుకుంటున్నాం. పెన్నా ఒడ్డు, గుడి గోడల మీద శిల్పాలు చూడాలి, కానీ అక్కడ బాత్రూం ఎలా ఉందో తెలియదు. బుధవారం పోయి చూసి రావాలి. గాలిపటానికి ఆ రోజు ఆఫీసు మీటింగుంది. ఎవరైనా తోడొస్తారా?

*

సుద్దముక్క (కడప)
సోమవారం ఉదయం 9:50

నేనొస్తాను. ఎండ ముదరకముందు, ఆరింటికల్లా బయలుదేరుదాం. రెండు సీసాల నీళ్లు నేను తెస్తా.